నీటికుక్క చెవిలో గొర్రె పిడుదులు

పశువైద్యం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" అని అడుగుతారు. అడ్డం తిరిగిన దూడను బయటికి లాగిన కథో, పిచ్చికుక్క వెంటపడిన కథో చెబుతానని వాళ్ల అంచనా. నేను "నీటికుక్క" అంటాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నాకు మాత్రం ఆ మాట నోట్లోంచి రాగానే ఇప్పటికీ ఒళ్లంతా హుషారు వస్తుంది. బీపీ ఉంది కదా, నిదానంగా చెప్పు అంటాడు మా ఆయన. ఈ కథను నిదానంగా చెప్పడం నాకు చేతకాదు.

నాది ప్రొద్దుటూరు. మొదట తొండూరులో పనిచేశాను. తర్వాత జమ్మలమడుగు అవతల, పెన్న ఒడ్డున ఉన్న ఒక ఊరి పశువుల ఆసుపత్రికి మార్చారు. ఫ్యాక్షన్ జోరుగా నడుస్తున్న రోజులవి. ఈ గట్టున ఉన్న మా ఊరిది ఒక పార్టీ, ఎదురుగా ఆ గట్టున ఉన్న ఊరిది ఇంకో పార్టీ. పార్టీ అంటే జెండా అనుకునేరు. జెండాలు ఎన్నికకొకటి మారేవి, పగలు మాత్రం అవే ఉండేవి. నాకు ముందున్న డాక్టరు ఆ గట్టుకు పోయి ఒక ఎద్దుకు సూది వేశాడని ఈ గట్టువాళ్లు ఆయనతో మాట్లాడటమే మానేశారట. ఆయన సెలవు పెట్టి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. మా పైఅధికారి కోస్తా మనిషి. "అమ్మాయ్, అక్కడ నువ్వెలా నెగ్గుకొస్తావు?" అని నిజంగానే దిగులుపడ్డాడు.

నెగ్గుకొచ్చింది ఆడదాన్ని కాబట్టే. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మందుల సంచి నెత్తిన పెట్టుకుని ఏరు దాటుతుంటే రెండు గట్లవాళ్లూ చూసీ చూడనట్టు ఉండేవాళ్లు. ఆడమనిషి మీద చెయ్యెత్తితే ఏ గట్టున ఉన్నా తలెత్తుకోలేరు. ఆ ప్రాంతంలో రెండు ఊళ్ల నీళ్లూ తాగిన ప్రభుత్వోద్యోగిని బహుశా నేనొక్కదాన్నే.

ఆ రెండు ఊళ్ల మధ్య పెన్నలో ఒక మడుగు ఉంది. ఎండాకాలం ఏరంతా ఇసుకపర్ర అయినా ఆ మడుగు ఎండేది కాదు. దానికి ఆనుకుని, సరిగ్గా ఏటి నడుమ, పెద్ద పెద్ద బండలు. ఎప్పుడో ఆ మడుగు దగ్గరే ఒక మనిషిని చంపారు. ఆ తర్వాత అక్కడ వల వేసేందుకు ఎవరూ దిగలేదు. వల వేసేవాడు రెండు గట్లకూ కనపడతాడు కదా. అలా కనపడాలని ఎవరికీ లేదు. గొర్రెలకు మాత్రం నీళ్లు తప్పవు కాబట్టి, ఎవరూ కూర్చుని మాట్లాడుకోకుండానే ఒక కట్టుబాటు ఏర్పడింది. పొద్దుట నుంచి పొద్దు నడినెత్తికి వచ్చేదాకా మడుగు ఈ గట్టు మందలది. అప్పటినుంచి సాయంత్రం దాకా ఆ గట్టు మందలది. రెండు మందలూ తమ వంతులో ఆ బండల నీడనే పడుకునేవి. ఒకరి గొర్రెలు లేచి పోయాక, ఇంకొకరి గొర్రెలు అదే దుమ్ములో పడుకునేవి.

ఒకరోజు మా గట్టు గొర్రెల కాపరి, పెద్దవయసు మనిషి, తువ్వాలులో ఏదో మూటగట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు.

"డాక్టరమ్మా, ఇదేందో సూడు. బండల కాడ మా కుక్క నోట కరుచుకొచ్చినాది. అప్పటికే సచ్చిపోయుండాది. దీనికేం రోగమో ఏమో, నా గొర్లకు అంటుకుంటే నేను మునిగిపోతా."

మూట విప్పాను. జానెడు పొడవున్న పిల్ల. మట్టిరంగు వెంట్రుకలు, బల్లపరుపు తల, మొదట్లో లావుగా ఉన్న తోక. కాలివేళ్లు విడదీసి చూశాను, వేళ్ల మధ్య బాతుకున్నట్టు చర్మం. నేను వేసిన కేకకు లోపల మందులు కలుపుతున్న కాంపౌండర్ భాయ్ పాము వచ్చిందనుకుని కర్ర తీసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"మామా, ఇది నీటికుక్క పిల్ల."

"నీటికుక్కనా? మా నాయన కాలంలో ఉన్నెంట. తోళ్లోళ్లు వచ్చి బోన్లు పెట్టి అన్నిట్నీ పట్టుకపోయినారంట. ఇప్పుడు యాడివమ్మా?"

"ఈడివే మామా. మన మడుగులోవే."

పుస్తకంలో బొమ్మ చూసి పరీక్ష రాసిన జంతువు నా బల్లమీద ఉంది. పిల్ల ఉందంటే తల్లి ఉంది, జత ఉంది, అవి వచ్చి కాపురం పెట్టాయి. మనుషులు ఒకరికొకరు భయపడి వదిలేసిన చోట చేపలు బలిశాయి, చేపల కోసం ఇవి ఎక్కడినుంచో ఏరు పట్టుకుని వచ్చాయి. ఫ్యాక్షన్ వల్ల బాగుపడిన ప్రాణిని నేను చూడటం అదే మొదలు.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పిల్ల చెవులు తిరగేస్తే లోపల నెత్తురు పీల్చే పిడుదులు గుత్తులుగా పట్టుకుని ఉన్నాయి. చంకల్లో, మెడకింద, కనురెప్పల మీద కూడా ఉన్నాయి. చిగుళ్లు సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. ఒంట్లో నెత్తురు లేక చచ్చిపోయింది. ఒక పిడుదును లాగి భూతద్దం కింద పెట్టాను. రోజూ గొర్రెల చెవుల్లోంచి నేను లాగిపారేసే పిడుదే అది.

పిల్లలూ, ఇక్కడ ఒక్క ముక్క శాస్త్రం వినండి. పెద్ద నీటికుక్క రోజంతా నీళ్లలో ఉంటుంది, ఒడ్డుకు వచ్చి ఇసుకలో ఒళ్లు రుద్దుకుంటుంది. దానిమీద పిడుదులు అంతగా నిలవవు. కానీ పుట్టిన పిల్లకు కళ్లు తెరుచుకోవు, ఈత రాదు. తల్లి ఏ బండ సందులో పెడితే అక్కడే వారాల తరబడి పడి ఉంటుంది. ఆ సందు ముందే రెండు ఊళ్ల గొర్రెలు పడుకుంటున్నాయి. గొర్రె ఒంటినుంచి రాలిన పిడుదులు ఆ దుమ్ములో గుడ్లు పెడతాయి. పుట్టిన పిడుదుపిల్లలకు తర్వాత ఏ ఒళ్లు దొరికితే అదే ఇల్లు.

"మామా, దీని రోగం నీ గొర్లకు రాదు. నీ గొర్లదే దీనికి పోయినాది" అన్నాను.

మామకు రోషం వచ్చింది. "నా గొర్లకేం రోగముండాదమ్మా? ఆ గట్టోళ్ల గొర్లవయ్యుంటాయి."

తర్వాత ఆ గట్టుకు పోయి ఇదే సంగతి చెబితే, "మా గొర్లకు పిడుదులేడుంటాయి, వాళ్లవే" అన్నారు వాళ్లు. పిడుదుకు కూడా పార్టీ ఉంటుందని అలా తెలిసింది.

ఒక మంద పోయి ఇంకో మంద రాబోయే ఆ కాస్త విరామంలో నేనూ భాయ్ బండలెక్కాం. చేపల పొలుసులతో నిండిన పెంట అక్కడక్కడా ఉంది. ఆ వాసనకు భాయ్ తువ్వాలు ముక్కుకు కట్టుకున్నాడు. లోపలి సందులో ఒకదానిమీద ఒకటి పడుకుని రెండు పిల్లలు. బతికే ఉన్నాయి. నేను పట్టుకారు తీశాను. అప్పుడే మడుగులో ఈల వినపడింది. నీళ్లమీద ఒక తల నిటారుగా లేచి మమ్మల్నే చూస్తోంది.

"మేడమ్, అది తల్లి. వస్తే కండ ఊడొచ్చేట్టు కరుస్తాది" అన్నాడు భాయ్. "ఈ ఊర్లో నాటుబాంబులు తప్పించుకున్నోణ్ణి. నీటికుక్క కరిచి సచ్చినాడంటే కువైట్‌లో ఉన్న మా తమ్ముడికి నామోషీ."

అలా అంటూనే వాడు నాకు అడ్డంగా నిలబడ్డాడు. నేను లాగగలిగినన్ని పిడుదులు లాగాను. నా పాదాల మీదికి అప్పటికే కొత్తవి ఎక్కుతున్నాయి. చెవులు శుభ్రం చేసినంత మాత్రాన ఏం లాభం, ఇక్కడి దుమ్ములోనే వందల కొద్దీ ఉన్నాయి. రెండు గట్ల గొర్రెలకూ మందు పడాలి, బండల నీడ కొన్నాళ్లు ఖాళీగా ఉండాలి. లేకపోతే ఈ రెండు పిల్లలూ మూడోదాని దారినే పోతాయి. ఆ తల్లి ఈల వింటూ దిగివస్తుంటే నాకు ఏడుపూ వచ్చింది, పట్టుదలా వచ్చింది.

జిల్లా ఆఫీసు చుట్టూ తిరిగి గొర్రెల తొట్టిమందు తెప్పించాను. నీళ్లలో కలిపి, తొట్టిలో పోసి, గొర్రెలను ఒక పక్కనుంచి దించి ఇంకో పక్కనుంచి ఈదిస్తే పిడుదులు రాలిపోతాయి. క్యాన్లు వచ్చాయి. సర్కారు సామాను ఏది వచ్చినా మా ఊళ్లో పెద్దాయన ఇంట్లో దిగడం ఆనవాయితీ. గట్టి తలుపులున్న ఇల్లు అదొక్కటే. పెద్దాయన అంటే ఈ గట్టు పార్టీకి నాయకుడు. మనిషి మొరటు. అయినా నీటికుక్కల సంగతి చెప్పగానే ముఖం వెలిగిపోయింది. "మా అబ్బ చెప్తాండె. ఆ కూనలు సావకూడదమ్మా" అన్నాడు. అది మనస్ఫూర్తిగా అన్నాడని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఎన్నికలు దగ్గరికొచ్చాయన్నదీ నిజమే.

రెండు రోజులు పెద్దముడియం వైపు దూడలకు టీకాలు వేసి వచ్చి ఆసుపత్రి తలుపు తీస్తున్నాను. మామ ఆయాసపడుతూ వచ్చాడు.

"అమ్మా, బిర్నా రా. పెద్దాయన మందు క్యాన్లన్నీ మడుగు కాడికి తోలిపిచ్చినాడు. నీళ్లల్లో పోస్తాడంట."

భాయ్ తన లూనా బండి తీశాడు, నేను వెనక ఎక్కాను. ఆ ఇసుకదారిలో లూనా సగం దూరం మమ్మల్ని మోసింది, సగం దూరం మేమే దాన్ని తోశాం.

గట్టు మీద జీపు, జీపు ముందు క్యాన్ల వరుస. ప్రొద్దుటూరు నుంచి పిలిపించిన ఫోటోగ్రాఫరు. పెద్దాయన మెడలో దండ. ఒక క్యాను మూత అప్పటికే తీశారు. అవతలి గట్టున జనం పోగవుతున్నారు. చేతుల్లో సంచులున్నాయి. ఆ రోజుల్లో సంచుల్లో ఏముందని ఎవరూ అడిగేవాళ్లు కాదు. "మన నీళ్లల్లో విషం కలుపుతాండారు" అని అక్కడినుంచి ఎవరో అరిచారు. ఈ గట్టున కుర్రవాళ్లు జీపు సీటు కిందికి చేతులు పెట్టారు.

"అన్నా, పోయొద్దు" అన్నాను, రొప్పుతూ.

పెద్దాయన ఆశ్చర్యంగా చూశాడు. "ఏందమ్మా, నువ్వు చెప్పిందే కదా చేస్తాండాం. గొర్లు తొట్లో ఈదితే పిడుదులు రాలిపోతాండాయి. ఇవి మడుగులో ఈదుతాయి. మడుగే తొట్టి అనుకో. క్యాన్లు చాలవనుకుంటే ఇంకా తెప్పిస్తా."

ఆ తర్కంలో తప్పు వెతకడానికి నాకు కొంచెంసేపు పట్టింది. తరతరాలుగా గొర్రెలు కాసినవాళ్లకు అంతకంటే సబబైన ఆలోచన ఏముంటుంది? మందు గురించి పాఠం చెప్పే సమయం లేదు. బక్కెట్టుతో మడుగు నీళ్లు తెమ్మన్నాను. మామ తువ్వాలుతో లోతులేని చోట వడకట్టి ఇన్ని చిన్న చేపలు పట్టి అందులో వేశాడు. చేపలు చకచకా తిరుగుతున్నాయి. ఆ క్యాను మూతలో కాస్త మందు వంచి బక్కెట్టులో పోశాను. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. చేపలు ఒక్కసారి పైకెగిరాయి, పక్కకు ఒరిగాయి, తర్వాత పొట్టలు పైకి పెట్టి తేలాయి. ఫోటోగ్రాఫరు కెమెరా దించేశాడు.

"చేపలు సస్తే కూనలేం తింటాయన్నా? ఈ నీళ్లే కదా రెండూర్లూ తాగేది" అన్నాను.

పెద్దాయన బక్కెట్టు మీదికి వంగి చూశాడు. "నేను విషమని తేలేదమ్మా" అన్నాడు నెమ్మదిగా. అంత పెద్దమనిషి గొంతు అలా పలకడం నేనెన్నడూ వినలేదు.

"నాకు తెలుసన్నా. వాళ్లకు తెలీదు. ఆ క్యాను పైకెత్తి, వాళ్లకు కనపడేట్టు నువ్వే మూత బిగించు. తతిమ్మాది నేను చూసుకుంటా."

ఆయన బిగించాడు. నేను ఆ బక్కెట్టు పట్టుకుని ఏట్లో దిగాను. చచ్చిన చేపలు తీసుకుని ఆ గట్టుకు పోవడమంటే వాళ్ల అనుమానానికి రుజువు మోసుకుపోవడమేనని నీళ్లు మోకాళ్లకు వచ్చాక తట్టింది. అప్పటికి వెనక్కి తిరిగే వీలు లేదు, రెండు గట్లూ నన్నే చూస్తున్నాయి.

ఆ గట్టుకు పెద్ద ఒక ముసలామె. మడుగు దగ్గర హత్యకు గురైంది ఆమె భర్తే. అప్పటినుంచి ఊరిని ఆమే నడుపుతోంది. జనం మధ్యలోంచి వచ్చి బక్కెట్టులోకి చూసింది.

"ఏందిమా ఇది?"

"మడుగులో పోసుంటే ఇట్లయ్యేదవ్వా. పోయలేదు. మూత బిగించింది ఆయనే, మీరూ చూసినారు. అది గొర్ల మందు. నీటికుక్కలకు నయమైతాదని తెలీక తెచ్చినాడు."

ఆమె అవతలి గట్టుకేసి చూసింది. తర్వాత, "కూనలెన్నుండాయి?" అని అడిగింది.

"రెండు. ఒకటి సచ్చిపోయె."

"నేను కాపురానికొచ్చిన కొత్తల్లో చూసినా. బట్టలుతుకుతాంటే ఎదురుగా వచ్చి ఈలేసేవి. మళ్లా కనపడల్యా." చేత్తో సైగ చేసింది. వెనక సంచులు నేలమీదికి దిగాయి.

ఆ ఊపులోనే అసలు మాట అడిగేశాను. రెండు మందలకూ మందు పడాలని చెప్పాను. "వాళ్ల గొర్లు మునిగిన గుంటలో మా గొర్లు మునగవు" అంది. రెండు గుంటలు తవ్విద్దాం, ఏటికి దూరంగా, ఎవరి గట్టున వాళ్లకు అన్నాను. సరేనంది. ఇంకొకటి, ఎండపూట బండల నీడా మడుగు ఒడ్డూ రెండు ఊళ్లూ వదిలెయ్యాలన్నాను. అక్కడ ముఖం ముడుచుకుంది. మా ఎండల్లో గొర్రెలకు నీడ లేకుండా చెయ్యమనడం చిన్న కోరిక కాదు.

"వాళ్లు వదిలితే మేమూ వదుల్తాం" అంది చివరికి.

తడిసిన చీరతో మళ్లీ ఇవతలికి వచ్చి పెద్దాయనకు సంగతి చెప్పాను, ఆమె పెట్టిన షరతు మాత్రం చెప్పలేదు. ఆయన మెడలోని దండ తీసి జీపులో పడేసి, "వాళ్లు వదిలితే మేమూ వదుల్తాం" అన్నాడు. మాటకు మాట అదే. పోలీసులూ పార్టీలూ ఎన్ని పంచాయితీలు పెట్టినా కలవని నోళ్లు అవి. నేను ఆయనతో, "ఆయమ్మ వదిలేసిందన్నా" అన్నాను. ఏరు దాటి అటుపోయి, "ఆయప్ప వదిలేసినాడవ్వా" అన్నాను. ఎవరికి ముందు చెప్పానో ఇద్దరూ అడగలేదు.

ఆ వారం రెండు గట్లమీదా గుంటలు తవ్వారు. పొద్దున ఇటు, మధ్యాహ్నం అటు, నేనూ భాయ్ తెల్లటి మందు నీళ్లలో మునిగి తేలే గొర్రెల మధ్య గడిపాం. ఇంటికి పోతే మా పిల్లలు కూడా మా దగ్గరికి వచ్చేవాళ్లు కాదు, అంత కంపు. మేం ముట్టుకున్నాక తల్లి తన పిల్లలను నోట కరుచుకుని పైసందుకు మార్చేసింది. అదే మంచిదైంది. కింద నేలను గీకి, గడ్డి వేసి కాల్చాం. మామ తన గొర్రెల చెవులు నాకు చూపించి, "సూడమ్మా, ఒక్కటి కూడా ల్యా" అని గర్వంగా చెప్పుకున్నాడు. అంతకుముందు కూడా లేవన్నది తనేనన్న సంగతి మరిచిపోయాడు.

పిల్లలు మొదటిసారి నీళ్లలో దిగిన రోజు నేను అక్కడే ఉన్నాను. తల్లి ఒకదాన్ని మెడ పట్టుకుని నీళ్లలో పడేసింది. అది ముక్కుతూ మూలుగుతూ ఒడ్డెక్కితే మళ్లీ పడేసింది. రెండోది దానంతట అదే జారిపడింది. ఈ గట్టున నవ్వారు. ఆ గట్టున కూడా నవ్వారు. ఆ నవ్వు ఒకరిది ఒకరికి వినపడి రెండు గట్లవాళ్లూ కాస్త సిగ్గుపడ్డారు. నేను భాయ్ భుజం పట్టుకుని చిన్నపిల్లలా ఎగిరాను. జిల్లా ఆఫీసుకు రిపోర్టు పంపితే, నీటికుక్క మన శాఖ పరిధిలోకి రాదు, మందు ఎందుకు వాడారో వివరణ ఇవ్వండి అని జవాబు వచ్చింది. గొర్రెలకు వాడామని రాశాను. అదీ నిజమే కదా.

కొన్నేళ్లకు రెండు ఊళ్లూ రాజీపడ్డాయి. పెద్దాయనా, ఆ అవ్వా, మామా ఒకరి తర్వాత ఒకరు పోయారు. నేనూ రిటైరయ్యాను. కక్షలు పోతే వలలు వస్తాయి, వలలు వస్తే నీటికుక్కలు పోతాయి అని నాలో నేనే భయపడుతూ చాలాకాలం అటు పోలేదు. పోయిన ఎండాకాలం ధైర్యం చేసి పోయాను.

మిట్టమధ్యాహ్నం. మడుగులో నీళ్లు మెరుస్తున్నాయి. దానికి ఎడంగా, గట్టు మీద ఒక తుమ్మచెట్టు అరకొర నీడలో ఒక మంద తలలు వంచుకుని ఒగర్చుతోంది. నడివయసు కాపరి కర్రమీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. నేనెవరో అతనికి తెలియదు.

"ఏంటికప్పా ఈడ ఎండలో ఆపినావు? నీళ్లు ఎదురుగానే ఉండాయి కదా."

"ఇప్పుడు మా వంతు కాదమ్మా."

"మరెవరిది? ఆ గట్టోళ్లదా?"

అతను నవ్వాడు. "గట్లు యాడుండాయిమా ఇప్పుడు, అందరం కలిసే మేపుతాండాం." కర్ర ఎత్తి ఏటి నడుమ బండలవైపు చూపించాడు. "ఎండపూట వాటిది. పెద్దోళ్ల కాడ్నుంచి అంతే. ఏంటికో మాకు తెల్దు."

బండల కింద నీళ్లలో ఒక ఈల వినపడింది. దానికి ఇంకొకటి బదులిచ్చింది. నేను కొంగు నెత్తిన కప్పుకుని, ఆ గొర్రెల పక్కనే కూర్చుని, మా వంతు వచ్చేదాకా చూస్తూ ఉన్నాను.